కాశీబుగ్గ డీటీపీ షాపులో ఎక్స్‌పీ ఎందుకు బతికుంది?

ఏమర్రా పిల్లలూ, మన శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ బజారులో శుభలేఖలు వేసే షాపుకు ఎప్పుడైనా వెళ్ళారా? మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయంటే అక్కడ కూర్చోడానికి స్టూలు కూడా దొరకదు. సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మనవరాలు, బంధువుల శుభలేఖ ప్రూఫు చూడ్డానికి నాతో పాటు వచ్చింది. విశాఖలో ఇంజనీరింగ్ చదువుతోంది కదా, ముందు కార్డు చూడలేదు, కంప్యూటరు చూసింది. "తాతా, ఇది విండోస్ ఎక్స్‌పీ! నేను పుట్టకముందుది. ఇంకా దీన్నే పట్టుకుని ఎందుకు కూర్చున్నారు?" అని నా చెవిలో అడిగింది.

మంచి ప్రశ్న. చాలామంది దీనికి బద్ధకమనో, భయమనో ఒక్క ముక్కలో జవాబు తేల్చేస్తారు. నాకది నచ్చదు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ కుర్చీలో కూర్చుని బతుకు వెళ్ళదీస్తున్న మనిషికి తన యంత్రం గుణం మనకన్నా బాగా తెలుసు. అతను పాతదాన్ని వదలటం లేదంటే కారణం ఉండి తీరుతుంది. ఆ కారణంలో బోలెడంత సైన్సు ఉంది. చెప్తాను వినండి.

ముందు తేదీలు చూద్దాం. ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న వచ్చింది. 2014 ఏప్రిల్ 8 తర్వాత మైక్రోసాఫ్ట్ దాని ఆలనాపాలనా మానేసింది. విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న అదే జరిగింది. ఆలనాపాలనా అంటే, దొంగలు దూరే సందులు బయటపడినప్పుడల్లా వాటిని పూడ్చే మరమ్మతులు పంపడం. గడువు తీరిన రోజున కంప్యూటరు ఆగిపోదు. మర్నాడు కూడా ఎప్పట్లాగే తెరుచుకుంటుంది, ఎప్పట్లాగే పని చేస్తుంది. అందుకే గడువు తీరిన సంగతి షాపులో ఎవరికీ పట్టదు.

తెలుగు రాయడానికి 256 స్థానాలు

ఆ షాపు తెర మీద నడుస్తున్నది పుటలు పేర్చే సాఫ్ట్‌వేర్, పేజ్‌మేకర్. అమెరికాలో ఆల్డస్ అనే కంపెనీ 1985లో దాన్ని తెచ్చింది. ఆ కంపెనీ పెట్టిన పాల్ బ్రెయినెర్డే 'డెస్క్‌టాప్ పబ్లిషింగ్' అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. మన ఊళ్ళలో బోర్డుల మీద కనిపించే డీటీపీ అదే. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. 2001లో వచ్చిన 7.0తో పేజ్‌మేకర్ కథ ముగిసింది. అంటే అది ఎక్స్‌పీ ఈడుది. దానికి జోడీగా తెలుగు టైపు చేయడానికి అను స్క్రిప్ట్ మేనేజర్. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు, కవుల తొలి పుస్తకాలు... రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ జోడీ మీద తయారైనవి లెక్కపెట్టలేం.

ఇక్కడే అసలు చిక్కుంది. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఆ రోజుల్లో ఒక అక్షరానికి ఒక బైటు, అంటే ఎనిమిది బిట్లు ఇచ్చేవారు. ఎనిమిది బిట్లతో 256 అంకెలే వస్తాయి. అందులో మొదటి 32 యంత్రం సొంత పనులకు పోతాయి. మిగిలినవి ఇంగ్లీషు అక్షరాలకు, ఐరోపా భాషల గుర్తులకు కేటాయించినవి. మన గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిపితే ఎన్ని వందల రూపాలో మీకు తెలుసు కదా! వాటికి చోటెక్కడుంది?

మనవాళ్ళు తెలివైన దారి వెతికారు. అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక స్థానంలో, గుడి ఒక స్థానంలో, కొమ్ము ఒకచోట, ఒత్తులు తలా ఒకచోట పెట్టారు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఇంగ్లీషు బొమ్మలు తీసేసి తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. ఆపరేటరు మీట నొక్కగానే ముక్కలన్నీ ఒకదానిమీద ఒకటి సర్దుకుని తెలుగు అక్షరమై తెర మీద నిలబడేది. కంప్యూటరు మాత్రం తాను ఇంగ్లీషే రాస్తున్నాననుకునేది. తెలుగును తెలుగుగా ఎరగని యంత్రం చేత తెలుగు పుస్తకాలు వేయించిన నేర్పు అది. ఆ నేర్పు చూపిన వాళ్ళకు మనం రుణపడి ఉన్నాం.

అయితే ఒక్కో కంపెనీ తన ముక్కల్ని తన ఇష్టం వచ్చిన స్థానాల్లో పెట్టుకుంది. అను వరుస వేరు, శ్రీలిపి వరుస వేరు, పత్రికల సొంత ఫాంట్ల వరుసలు వేరు. అను ఫాంటుతో చేసిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచి చూడండి, అర్థంపర్థం లేని ఐరోపా గుర్తుల వరద కనిపిస్తుంది. అందులో పెళ్ళికూతురు పేరు వెతకమంటే కంప్యూటరు తెల్లమొహం వేస్తుంది.

దీనికి విరుగుడుగా వచ్చింది యూనికోడ్. 1991లో వెలువడిన తొలి వెర్షన్‌లోనే తెలుగుకు సొంత చోటు ఇచ్చారు. 3072 నుంచి 3199 దాకా 128 అంకెలు మనవి. 'శ్రీ' అని రాస్తే లోపల దాచుకునేవి నాలుగే అంకెలు: శకు 3126, పొల్లుకు 3149, రకు 3120, గుడి దీర్ఘానికి 3136. వాటిని కలిపి బొమ్మగా చూపడం ఫాంటు పని. ఫాంటు మారినా అంకెలు మారవు. మీ ఫోన్లో రాసినది డల్లాస్‌లో ఉన్న మీ పిన్ని ఫోన్లో తెలుగుగానే కనిపించడం వెనక ఉన్న కిటుకు ఇదే. ఇప్పుడు ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లు చాలా ఉన్నాయి. మన జిల్లాలో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పేరుతోనే ఒక ఫాంటుంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషికి అంతకన్నా తగిన గౌరవం ఏముంటుంది!

మరి షాపు వాళ్ళు యూనికోడ్‌లోకి ఎందుకు మారలేదు? పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు రాదు. ఒకటి మార్చాలంటే రెండోదీ మార్చాలి.

ఒక వేరు లాగితే

ఆ మాటే ఆపరేటర్ని అడిగాను. "మార్చడానికేటుంది మాస్టారూ! మారిస్తే ఈ ఫైళ్ళన్నీ ఏటైపోతాయి? ఎవులు తెరుస్తారు?" అన్నాడు. ఫోల్డరు తెరిచి చూపించాడు. మందస, సోంపేట, టెక్కలి, వజ్రపుకొత్తూరు... ఊరి పేరున ఒకటి చొప్పున పెళ్ళికార్డులు. అక్క పెళ్ళికి చేసిన కార్డే తెరిచి, పేర్లూ ముహూర్తమూ మార్చి, చెల్లెలి పెళ్ళికి అరగంటలో ప్రూఫు తీసిస్తాడు. ఆ ఫైళ్ళే అతని ఆస్తి.

చిక్కులు అక్కడితో ఆగవు. ఆ కాలంలో కొన్ని డీటీపీ సాఫ్ట్‌వేర్లకు తాళంలా ఒక డాంగిల్ ఇచ్చేవారు. దాన్ని వెనకనున్న ప్రింటరు పోర్టుకు తగిలిస్తేనే ప్రోగ్రాం తెరుచుకునేది. కొత్త కంప్యూటర్లకు ఆ పోర్టే లేదు. పాత స్కానరును, పాత ప్రింటరును పలికించే డ్రైవర్లు 32 బిట్ల విండోస్‌కు రాసినవి. 64 బిట్ల విండోస్ వాటిని ఒప్పుకోదు. ఇంకా వెనకటి 16 బిట్ల ప్రోగ్రాములనైతే అసలు నడపదు. పైగా అడోబీ 2013 నుంచి కొత్త సాఫ్ట్‌వేర్లను చందా పద్ధతిలోకి మార్చింది. ఒకసారి కొని ఏళ్ళ తరబడి వాడుకున్న చోట ఇప్పుడు నెలనెలా కట్టాలి. ముహూర్తాలు లేని ఆషాఢంలో, మూఢంలో కూడా కట్టాలి.

ఉద్దానం వాళ్ళకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. కొబ్బరి మొక్కను ఎక్కడికైనా తీసుకుపోయి పాతుకోవచ్చు. కాపుకొచ్చిన చెట్టును కదిలిస్తే నేలంతా లేస్తుంది. మా మనవరాలి ల్యాప్‌టాప్ మొక్క, షాపులో ఉన్నది కాపుకొచ్చిన చెట్టు.

వేళ్ళకున్న జ్ఞాపకం

ఇంకో ముడి మనిషి లోపలే ఉంది. ఆ ఆపరేటరు టైపు చేసేది 'ఆపిల్ కీబోర్డు' వరుసలో. తెలుగుకు ఇలాంటి వరుసలు చాలా ఉన్నాయి. టైప్‌రైటరు వరుస ఒకటి, మాడ్యులర్ ఒకటి, ప్రభుత్వం ప్రమాణంగా తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్ ఒకటి. ఫలానా ఒత్తు ఏ మీట మీదుందో చెప్పవయ్యా అని అడిగితే అతను వెంటనే చెప్పలేకపోయాడు. గాల్లో వేళ్ళాడించి, అవి ఎక్కడికి వెళ్ళాయో చూసి అప్పుడు చెప్పాడు!

ఇందులో వింతేమీ లేదు. అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేయి తిరిగిన టైపిస్టులకు ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి అక్షరాలు నింపమన్నారు. 2013లో వెలువడిన ఆ పరిశోధనలో వాళ్ళు 26 అక్షరాల్లో సగటున 15 మాత్రమే సరైన చోట పెట్టగలిగారు. అదే మనుషులు టైపు చేస్తే నిమిషానికి డెబ్బై పైచిలుకు మాటలు!

జ్ఞాపకం ఒక్కటి కాదర్రా, రకరకాలు. 1953లో హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు మూర్ఛ తగ్గడానికి మెదడు ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత అతనికి కొత్త సంగతులేవీ గుర్తుండేవి కావు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనికి ఒక పని ఇచ్చింది. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ అంచుల మధ్య గీత గీయాలి. మూడు రోజుల్లో అతని చేయి చక్కగా తిరిగింది. కానీ రోజూ అతనికి అది మొదటిసారే! మనసుకు గుర్తు లేనిది చేతికి గుర్తుంది. సంగతులు గుర్తుపెట్టుకునే చోటు వేరు, చేతిపని గుర్తుపెట్టుకునే చోటు వేరు అని అలా తెలిసింది. చేతిపనిలో బేసల్ గాంగ్లియా, చిన్నమెదడు లాంటి భాగాలకు పెద్ద పాత్ర ఉంది.

అంచేత ఆపరేటరును కొత్త వరుసకు మారమనడం అంటే, అతని వేళ్ళు ఏళ్ళ తరబడి సంపాదించుకున్న వేగాన్ని వదులుకుని మళ్ళీ ఓనమాలు దిద్దమనడమే. ముహూర్తాల వేళ ఒక్క వారం నెమ్మదించినా గిరాకీ పక్క షాపుకు పోతుంది. నష్టం రేపటిది, ఖాయం. లాభం ఎప్పటిదో, చేతికందితే గాని తెలియదు. అలాంటప్పుడు మనసు ఉన్నదానివైపే మొగ్గుతుంది. మనిషికి లాభం ఇచ్చే ఆనందం కన్నా నష్టం చేసే బాధ ఎక్కువని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే చూపించారు. ఆపరేటరు వేసుకున్న లెక్క తప్పు కాదు, చిన్న షాపు లెక్క అలాగే ఉంటుంది.

పాతదే పైచేయి అయిన చోట్లు

జీడిపప్పు వ్యాపారుల దగ్గర గరగరమంటూ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఇప్పటికీ కనిపిస్తుంది. దానిలో సన్నని సూదులు రిబ్బను మీద కొడతాయి. ఆ దెబ్బ కార్బను దాటి కింది కాగితం దాకా దిగుతుంది. లారీ డ్రైవరుకో కాపీ, కొన్నవాడికో కాపీ, మనకో కాపీ ఒకే దెబ్బతో వస్తాయి. ఇంకుజెట్టు, లేజరు ప్రింటర్లు కాగితాన్ని కొట్టవు కాబట్టి వాటికి ఈ పని చేతకాదు. పని ఏమిటో తెలిస్తే పాతది ఎందుకు మిగిలిందో తెలుస్తుంది.

ఎప్పుడు పోతుందో కూడా అలాగే తెలుస్తుంది. 2005 ఏప్రిల్ 1న మన రాష్ట్రంలో వ్యాట్ వచ్చింది, 2017 జులై 1న దేశంలో జీఎస్‌టీ వచ్చింది. పద్దులు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ పాత వెర్షన్‌తో నెట్టుకొస్తున్న వ్యాపారులు అప్పుడు కొత్తదానికి మారక తప్పలేదు. చుట్టూ ఉన్న లెక్క మారాక యంత్రమూ మారింది.

పాతదే ఆదుకున్న ఇంకో సందర్భం చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. చాలా ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. స్మార్ట్‌ఫోన్లు ఒకటి రెండు రోజుల్లో కళ్ళు మూశాయి. మీటల ఫోన్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. కారణం చిన్నదే. ఫోన్లో ఎక్కువ కరెంటు తాగేది తెర, ఆ తర్వాత ప్రాసెసరు, ఎడతెగని ఇంటర్నెట్టు. మీటల ఫోనుకు తెర చిన్నది, పని తక్కువ. సుమారు వెయ్యి మిల్లీ ఆంపియర్ అవర్ల బుల్లి బ్యాటరీతోనే రోజులు నెట్టుకొస్తుంది. టవర్లు కూలితే అదీ మూగదే. అప్పుడు దిక్కు రేడియో. మీడియం వేవ్ తరంగాలు నేలనంటుకుని దూరాలు పోతాయి. ఎక్కడో ఒక్క స్టేషన్ నిలబడితే చాలు, రెండు సెల్లుల రేడియోలో వార్త వినిపిస్తుంది. తీరం వాళ్ళు ఇంట్లో ఒక మీటల ఫోను, ఒక రేడియో ఉంచుకోవడం పాతకాలపు చాదస్తం అంటే నేను ఒప్పుకోను.

ప్రపంచంలో పెద్దపెద్దవాళ్ళదీ ఇదే దారి. అమెరికా అణ్వాయుధ దళాల సందేశ వ్యవస్థ 2019 దాకా ఎనిమిది అంగుళాల ఫ్లాపీలతో నడిచింది. దరఖాస్తులు ఫ్లాపీల్లో ఇవ్వాలన్న నిబంధనలను జపాన్ ప్రభుత్వం 2024లో గాని రద్దు చేయలేదు. రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ తన లావాటి నవలలు డాస్ మీద నడిచే వర్డ్‌స్టార్ 4.0లో రాస్తానని 2014లో ఒక టీవీ కార్యక్రమంలో చెప్పాడు. ఆయన చెప్పిన ఇంకో మాట గమనించండి: ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్టు లేదు.

ప్రమాదం ఎక్కడుంది?

ఆ చివరి మాట ఎంత ముఖ్యమో 2017లో తెలిసొచ్చింది. ఆ ఏడాది మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. ఫైళ్ళకు తాళం వేసి, బిట్‌కాయిన్లలో 300 డాలర్లు కడితేనే తీస్తానంది. బ్రిటన్‌లో ఆస్పత్రులు రోగుల్ని వెనక్కి పంపాల్సి వచ్చింది. మన దగ్గర శ్రీకాకుళం, విశాఖపట్నం, కృష్ణా, గుంటూరు, చిత్తూరు జిల్లాల్లో కొన్ని పోలీసు కంప్యూటర్లకూ అంటుకుంది. కంప్యూటర్లు ఒకదాని ఫైళ్ళు ఒకటి చూసుకోవడానికి వాడే పాత పద్ధతిలో ఉన్న సందులోంచి అది దూరింది. విచిత్రమేమిటంటే, ఎక్కువగా దెబ్బతిన్నవి ఎక్స్‌పీలు కావు, విండోస్ 7 యంత్రాలు. ఆ సందును పూడ్చే మరమ్మతు అప్పటికి రెండు నెలల క్రితమే వచ్చింది. వేసుకోనివాళ్ళు పోగొట్టుకున్నారు.

కాబట్టి యంత్రం వయసు ఒక్కటే ప్రమాదం కాదు. మరమ్మతు లేని యంత్రాన్ని నెట్టుకు తగిలించడం ప్రమాదం. డబ్బు కట్టే పనులు, బ్యాంకు పనులు అందులో చేయడం మరీ ప్రమాదం. ఏటీఎంలలో ఎక్స్‌పీని 2019 జూన్ కల్లా పూర్తిగా తీసేయమని రిజర్వు బ్యాంకు 2018లో గట్టిగా చెప్పింది అందుకే.

రెండో ప్రమాదం నిశ్శబ్దంగా వస్తుంది. పాత పెట్టెను ఆన్ చేస్తే తేదీ 2002 అని చూపిస్తోందా? మదర్‌బోర్డు మీద నాణెమంత సెల్లు అయిపోయిందన్నమాట. అది వంద రూపాయల్లోపు పని. హార్డ్‌డిస్కు అలా కాదు. లోపల పళ్ళేలు గిర్రున తిరుగుతుంటే, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని ఎడంలో తల తేలుతూ చదువుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అరుగుతుంది. అది పోయిన రోజున ఊరూరి పెళ్ళికార్డులూ, ఎవరో కవి ఇచ్చి మరిచిపోయిన రాతప్రతీ కలిసి పోతాయి.

మారే క్రమం

పాత యంత్రాలను పారేయమని నేను చెప్పను. ఫోను, ల్యాప్‌టాప్‌ల వల్ల భూమికి కలిగే భారంలో ఎక్కువ పాలు వాటిని తయారు చేసేటప్పుడే పడుతుంది. ఉన్నదాన్ని నాలుగేళ్ళు ఎక్కువ వాడితే అంత మేలే. విండోస్ 11కు సరిపోదని పక్కన పెట్టిన కంప్యూటరులో ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటే ఇంట్లో పిల్లల చదువుకు హాయిగా పనికొస్తుంది.

షాపులు నడిపే మన పిల్లలకు మాత్రం గట్టిగా చెప్తాను. పాత పెట్టెకున్న నెట్టు తీగ ఈ రోజే పీకండి. ఫైళ్ళు, వాటితోపాటు ఫాంట్లు కూడా రెండు వేరువేరు డిస్కుల్లోకి ఎక్కించండి. ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో ఉంచండి. ముఖ్యమైన ప్రతి పనికీ ఒక పీడీఎఫ్ తీయండి. పుస్తకాలు, ఊరి చరిత్రలు, దేవాలయాల వివరాల్లాంటివి ముందుగా యూనికోడ్‌లోకి మార్చండి. అను అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. అవి అక్కడక్కడా ఒత్తులు తారుమారు చేస్తాయి గనక ఒకసారి చదివి దిద్దుకోవాలి. వేళ్ళకు భయం అక్కర్లేదు, ఆపిల్ వరుసలోనే యూనికోడ్ కొట్టే ఏర్పాట్లూ వచ్చాయి. పేజ్‌మేకర్ పనే చేసే ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్లకు తెలుగు కుదురుగా వస్తుంది. చందా కట్టలేకపోతే స్క్రైబస్ ఉచితం, 2017 నుంచి దానికీ మన లిపి వచ్చు. పాత పేజ్‌మేకర్ తప్పదంటే కొత్త కంప్యూటరు లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటరు సృష్టించి, అందులో ఎక్స్‌పీని నడిపించవచ్చు. దాన్నే వర్చువల్ మెషిన్ అంటారు.

మా మనవరాలు సెలవుల్లో రెండు మధ్యాహ్నాలు ఆ షాపులో కూర్చుని కొన్ని ఫైళ్ళు మార్చిపెట్టింది. కంప్యూటర్ చదువుకునే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తన ఊళ్ళో ఒక షాపుకు ఈ సాయం చేస్తే, తెలుగులో అచ్చయిన ఎన్నో మాటలు మన తర్వాత తరానికి దక్కుతాయి.

సాధారణంగా మనం తిరగబడ్డ క్రమంలో మారతాం. ముందు కొత్త యంత్రం కొంటాం, తర్వాత వేళ్ళు అలవాటు పడలేదని విసుక్కుంటాం, ఆఖర్న పాత ఫైళ్ళు తెరుచుకోలేదని తల పట్టుకుంటాం. సరైన క్రమం దీనికి తలకిందులు. ముందు అక్షరాన్ని విడిపించాలి, తర్వాత వేళ్ళకు గడువివ్వాలి, యంత్రాన్ని ఆఖర్న మార్చాలి. అక్షరం ఏ యంత్రానికీ బందీ కానప్పుడు, పాత పెట్టెను ఉంచుకోవడమా సాగనంపడమా అన్నది ఆ షాపువాడు నింపాదిగా తేల్చుకోగలడు.